పేల్చని తూటా

మందుల షాపు కౌంటరు,
మధ్యాహ్నం, బేరాలు లేని వేళ

మామయ్యగారికి,

నమస్కారాలు. కంటి చుక్కలు వేళకు వేసుకుంటున్నారా అని అడగడం నా ధర్మం కాబట్టి అడుగుతున్నాను. వేసుకోవడం లేదని నాకు తెలుసు. ఆ సీసా నెల తిరిగేసరికి అయిపోవాలి. మీరు రెండోది అడిగి ఎన్నాళ్లయిందో మందుల షాపులో కూర్చున్నదానికి తెలియదా?

ఇవన్నీ ఫోన్లో చెప్పొచ్చు కదా అంటుంది మా అమ్మ. మీకు ఫోన్ చేయడమంటే మా వీధి మొత్తానికి చెప్పడమే. ఇన్నేళ్లు చెవి పక్కన రైఫిలు పేల్చుకున్నవారికి వినపడాలంటే నా గొంతు చాలదు. పోయినసారి నేనేమడిగినా "అలాగే, అలాగే" అన్నారు. నేనడిగినవాటిలో "ఒంట్లో ఎలా ఉంది" కూడా ఉంది. అందుకని ఉత్తరమే నయం.

అసలు సంగతికొస్తాను. ఈ మూడు రోజుల సెలవుల్లో రెండు క్లబ్బుల రైఫిల్ పోటీ మీ మైదానంలోనేనట. ఇక్కడి క్లబ్బు జట్టులో మీ అబ్బాయి ఉన్నారు. నేనూ వస్తున్నాను.

పెళ్లయిన దగ్గర్నుంచీ చూస్తున్నాను, మీరిద్దరూ పోట్లాడుకోరు. పోట్లాడుకున్నా బాగుండేది, నేను మధ్యలో దూరి సర్దిచెప్పేదాన్ని. ఆయనను అడిగితే "ఏముంది, ఏం లేదు" అంటారు. ఏమీ లేనిదానికి ఇన్నేళ్ల మౌనం ఎందుకో నాకు అర్థం కాదు. మీరేమో "వాడు మన క్లబ్బు వదిలి ఎదుటి క్లబ్బులో చేరాడు, అందుకే" అంటారు. లిఫ్టులు బాగుచేసే మనిషి, కంపెనీ ఎక్కడికి పొమ్మంటే అక్కడికి పోయారు. ఊరు మారితే క్లబ్బు మారదా? మీరిద్దరూ చెప్పేదాంట్లో ఏదీ నాకు నమ్మబుద్ధి కావడం లేదు.

మూడో రోజు సాయంత్రానికి మీ మైదానం గేటుకు ఎదురుగా ఉన్న హోటల్లో ముగ్గురికి బల్ల చెప్పి ఉంచాను. ఎవరు గెలిచినా, ఎవరు ఓడినా అక్కడ కూర్చుని తినాలి. రానంటే ఊరుకోను.

ఇంకో మాట. ఆ ఆట గురించి నాలుగు ముక్కలు రాయండి. మూడు రోజులపాటు బోర్లా పడుకున్న మగాళ్ల అరికాళ్లు చూస్తూ కూర్చోవడం నా వల్ల కాదు.

మీ కోడలు

*

పై వాటా, కిటికీ పక్కన

అమ్మాయికి,

ఆశీస్సులు. కోడలు మందుల షాపులో ఉంటే మామకు రోగం దాచుకునే స్వేచ్ఛ కూడా ఉండదని ఈ వయసులో తెలిసింది. రేపటి నుంచి వేసుకుంటాను.

చూడాల్సింది అరికాళ్లు కాదు, జెండాలు. మైదానం పొడుగునా గాలి జెండాలుంటాయి. చివర పెద్ద మట్టికట్ట, దాని ముందు అంకెలు వేసిన టార్గెట్లు వరుసగా నిలబడి ఉంటాయి. కట్ట కింద గుంతలో మనుషులుంటారు. తూటా తగలగానే టార్గెట్టును కిందికి లాగి, పడ్డచోట రంగు బిళ్ల గుచ్చి మళ్లీ పైకెత్తుతారు. నడి నలుపులో పడితే బుల్, అంటే అయిదు. పక్కకు జరిగేకొద్దీ నాలుగు, మూడు, అలా. కాల్చేవాడి వెనక ఒకడు కుర్చీ వేసుకుని, దుర్బిణీలో బిళ్ల చూసి, ఆ అంకె గట్టిగా అరిచి కార్డు మీద వేస్తాడు. ఆ కుర్చీలో ఎప్పుడూ ఎదుటి క్లబ్బువాడే కూర్చోవాలి. కంచే చేను మేయకుండా పెట్టుకున్న ఏర్పాటు అది.

ఈసారి ఆ కుర్చీ నాకిచ్చారు. కంట్లో పొర వచ్చిందిగా, "మీరు పెద్దవారు, హాయిగా కూర్చోండి" అన్నాడు కెప్టెన్. పొమ్మనలేక పొగబెట్టడం అంటే ఇదే. ఇన్నేళ్లూ ఆ గడ్డి మీద నా మోచేతులు పడ్డచోట పచ్చిక మొలవదు. ఇప్పుడు నేను పెన్సిలు పట్టుకుని అంకెలు అరవాలి.

ఈ ఆటలో ఒక తప్పుంది, ఇంకే ఆటలోనూ జరగనిది. జెండాలు చూసి చూసి, కన్ను మళ్లీ గురి మీదికొచ్చేటప్పుడు అంకె సరిచూసుకోకపోతే పక్కవాడి టార్గెట్టును కొట్టేస్తాం. కొట్టినవాడికి సున్నా. ఆ పక్కవాడు ఇంకా కాల్చనే లేదు, అయినా వాడి టార్గెట్టు కిందికి పోయి బిళ్లతో పైకొస్తుంది. గుంతలో ఉన్నవాళ్లకు ఏ తూటా ఎవరిదో తెలియదు. వరసంతా పేలుతుంటే ఎవరు ఎప్పుడు కాల్చారో ఎవరికీ పట్టదు. అప్పుడు ఆ పక్కవాడు చెయ్యెత్తి "నాది కాదు" అనాలి. అని, తన తూటా తను కాల్చుకోవాలి. ఈ ఆట మొత్తం ఆ రెండు మాటల మీద నడుస్తుంది తల్లీ.

మీ ఆయనకు పదహారేళ్లప్పుడు ఇదే పోటీ. వాడి చివరి తూటా మీద కప్పు ఆగి ఉంది. వాడింకా గాలి చూస్తున్నాడు, ఎదుటి క్లబ్బువాడి తూటా వచ్చి వీడి టార్గెట్టు మీద నడి నలుపులో పడింది. నోరు మూసుకుంటే కప్పు మాదే. వాడు చెయ్యెత్తాడు, "నాది కాదు" అని అరిచాడు. తర్వాత తను కాల్చింది గాలికి పక్కకు పోయింది. కప్పు పోయింది. అయితే ఏం? ఎదుటి క్లబ్బువాళ్లు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఈ కథ నేను చెప్పని మనిషి ఈ ఊళ్లో లేడు. అదీ నా పెంపకం.

కింద వాటాలో గడియారాలు బాగుచేసే మా ఇంటి ఓనరు, వాడికి చిన్నప్పుడు ఊపిరి బిగబట్టడం నేర్పినాయన, ఇప్పుడు మా జట్టుకు ఆయనే దిక్కు. వీడొస్తున్నాడంటే నాకన్నా ఆయనే ఎక్కువ సంబరపడుతున్నాడు.

హోటలుకు వస్తాను. ఇస్త్రీ చొక్కా వేసుకుని మరీ వస్తాను. వాడితో మాత్రం ముందే చెప్పకు, చెబితే ఏదో లిఫ్టు చెడిపోయిందని పారిపోతాడు.

మామయ్య

*

ఇల్లు, భోజనాల బల్ల

మామయ్యగారికి,

మీ ఉత్తరం చదివి నాకు ఒళ్లు పులకరించింది. ఇన్నేళ్లు కాపురం చేస్తూ ఈ కథ నాకు తెలియకపోవడమేమిటి? రాత్రి భోజనాల దగ్గర అడిగాను, "పదహారేళ్లకే అంత పని చేశారట?" అని.

"ఎవరు చెప్పారు?" అన్నారు.

"మామయ్యగారు."

"అంతవరకే చెప్పారా?"

"ఇంకా ఏముంది చెప్పడానికి?" అన్నాను. పళ్లెం తీసుకుని లేచిపోయారు. తన గురించి గొప్పగా చెబితే సిగ్గుపడే మనిషని నాకు తెలుసు, మరీ ఇంత సిగ్గేమిటో.

ఈ వారమంతా పడగ్గదిలో ఖాళీ రైఫిలుతో బోర్లా పడుకుని గోడ మీద నేను గీసిన చుక్కకు గురిపెడుతున్నారు. నేను మంచం దిగాలంటే ఆయన కాళ్లు దాటాలి. గెలవాలని ఇంత పట్టుదల ఆయనలో ఎప్పుడూ చూడలేదు. మీ ఎదురుగా గెలవాలని కాబోలు.

హోటలు మాట చెప్పలేదు. చొక్కా ఇస్త్రీ మర్చిపోకండి.

మీ కోడలు

*

ఇల్లు, బట్టలుతికే మిషను పక్కన

మామయ్యగారికి,

మీ మీద చాలా కోపంగా ఉంది. కోపం తగ్గాక రాద్దామని రెండు రోజులు ఆగాను. తగ్గలేదు.

మూడు రోజులు ఎండలో మడతకుర్చీలో కూర్చున్నాను. మీరు చెప్పినట్టే జెండాలు చూశాను. చివరి రోజు చివరి వరసలో మీ అబ్బాయి వెనక కుర్చీలో మిమ్మల్ని చూసి, ఎవరి వెనక ఎవరు కూర్చోవాలో చీట్లు వేసినవాళ్లకు మనసులో దండం పెట్టుకున్నాను. తండ్రి వెనక, కొడుకు ముందు. ఆయన పక్కన మీ గడియారాలాయన. గాలి ఒక్కసారి మళ్లింది, జెండాలన్నీ అటునుంచి ఇటు తిరిగాయి. పక్కనున్నావిడ చెప్పింది, మీ అబ్బాయి చివరి తూటా అయిదైతే మా గెలుపు, తగ్గితే మీ గెలుపు అని. టార్గెట్టు కిందికి పోయింది, పైకొచ్చింది, బిళ్ల సరిగ్గా నడుమ. మీరు "అయిదు!" అని అరిచిన అరుపుకు మైదానమంతా తిరిగి చూసింది. తండ్రి గొంతులో సంతోషమనుకున్నాను. నేను పిచ్చిదాన్ని.

తర్వాత మీరేం చేశారు? కార్డు చేతికిచ్చి, గేటు దాటి వెళ్లిపోయారు. కొడుకు చెయ్యి పట్టుకుని ఒక్కసారి ఊపడానికి కూడా మనసు రాలేదా? హోటల్లో ముగ్గురి బల్ల దగ్గర ఇద్దరం కూర్చున్నాం. మూడో కుర్చీ ఎవరికని ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. సర్వరు వచ్చి ఆ కుర్చీ తీసుకెళ్లమంటారా అని అడిగాడు. తీసుకెళ్లమన్నాను.

ఆరోజు నాకు తోచింది ఒకటే. మీకు కొడుకు కంటే క్లబ్బే ఎక్కువ.

ఇంకొకటి, ఇది కోపంతో కాదు, తెలియక అడుగుతున్నాను. ఆయన ప్యాంటు ఉతకడానికి వేస్తుంటే జేబులో ఒక తూటా దొరికింది. ఖాళీ గొట్టం కాదు, ముక్కుతో సహా నిండుది. గెలిచినప్పుడు ఒకటి దాచుకోవడం మీలో ఆచారమా? అలాగైతే చెప్పండి, కప్పు పక్కన పెడతాను.

మీ కోడలు

*

పై వాటా

అమ్మాయికి,

తలనొప్పి వచ్చింది, అందుకే వెళ్లిపోయాను. ఎండ.

తూటా సంగతి. అలాంటి ఆచారమేమీ లేదు. మైదానం వదిలేటప్పుడు ఒంటి మీద ఒక్క తూటా కూడా ఉండకూడదని కట్టుబాటు. దాన్ని పిల్లలెవరికీ అందకుండా పెట్టు. మిగతాది వాడినే అడుగు.

ఇక్కడ గడియారాలాయన బాగాలేడు. ఆయన చివరి తూటా ఎక్కడ పడిందో ఎవరికీ తెలియలేదు, కార్డు మీద సున్నా. ఇన్నేళ్లలో ఆయన టార్గెట్టంతా తప్పడం ఎవరూ చూడలేదు. కెప్టెన్ అందరి ముందూ, "మీ కంటికి కూడా పొర వచ్చిందేమో చూపించుకోండి" అని నవ్వాడు. జనం నవ్వారు. ఆయన రైఫిలు సంచిలో పెట్టి కట్టేశాడు. నిన్న దాన్ని అమ్మకానికి పెట్టాడని తెలిసింది.

చుక్కలు వేసుకుంటున్నాను.

మామయ్య

*

మందుల షాపు కౌంటరు

మామయ్యగారికి,

మీ ఉత్తరం టెలిగ్రాంలా ఉంది. మాటకు ఇంత అని లెక్కగట్టి రాశారా?

వాడినే అడుగు అన్నారు, అడిగాను. తూటా నా చేతిలోంచి లాక్కుని "వీటిని ముట్టుకోకూడదు, తెలుసా" అని కసిరారు. నా మీద ఎప్పుడూ గొంతు పెంచని మనిషి. తర్వాత ఓ గంట తేలు కుట్టిన దొంగలా కూర్చుని, మళ్లీ తానే వచ్చి గిన్నెలు తుడిచారు.

బయటివాళ్ల ముందు మాత్రం పండగే. కప్పు టీవీ పైన అల్మరాలో పెట్టారు. క్లబ్బువాళ్లు విందు ఇచ్చారు, అందరూ ఆయన వీపు చరిచారు. ఆయన నవ్వారు. ఆ నవ్వు నాకు నచ్చలేదు. షాపుకొచ్చి పత్తి కొనుక్కుని, అసలు కావలసిన మందు పేరు చెప్పలేక వెళ్లిపోయేవాళ్లు అలా నవ్వుతారు.

మీరిద్దరూ నా దగ్గర ఏదో దాస్తున్నారు. లేదంటే మీ క్లబ్బు ఓడిందన్న ఏడుపుతో మీరు కొడుకు ముఖం చూడలేకపోతున్నారు. రెండో మాటే నిజమైతే చెప్పండి, ఈ ఉత్తరాలు ఆపేస్తాను. నేను మీ ఇద్దరి మధ్యా ఊరికే తిరిగే లిఫ్టును కాదు.

మీ కోడలు

*

క్లబ్బు షెడ్డు, ఎవరూ లేనప్పుడు

అమ్మాయికి,

చెబుతాను. చదివాక నన్ను ఏమనాలో నువ్వే ఆలోచించుకో.

ఆ చివరి తూటా వాడు కాల్చలేదు.

గాలి మళ్లగానే వాడు ఆగాడు. మంచి పనివాడు ఆగుతాడు. చెంప రైఫిలుకు ఆనించి ఉంది, భుజం కదల్లేదు. నాకు చెవులు లేకపోతేనేం, భుజం కదిలిందో లేదో చూడటానికి ఈ ఒక్క కన్ను చాలు. పక్కన గడియారాలాయన భుజం అదిరింది. వీడి టార్గెట్టు కిందికి పోయింది. గడియారాలాయన తూటా మట్టికట్టలో పడ్డదని జనమంతా అనుకుంటున్నారే, అది నీ మొగుడి టార్గెట్టు నడుమ ఉంది.

బిళ్ల పైకొచ్చింది. వాడు చెయ్యెత్తుతాడని చూశాను. పదహారేళ్లకు ఎత్తినవాడు ఇప్పుడు ఎత్తడా అనుకున్నాను. ఎత్తలేదు. మెడ తిప్పి వెనక్కి నా ముఖంలోకి చూశాడు. ఎన్నేళ్లయిందమ్మా వాడు నా ముఖంలోకి అలా చూసి. "అది నీది కాదురా" అనడానికి నోరు తెరిచాను. అదే నోటితో "అయిదు" అన్నాను.

ఎందుకన్నావని అడుగుతావు. వాడు ఓడిపోతే మళ్లీ నా ఎదుట పడడని భయం వేసింది. నువ్వు చెప్పిన మూడు కుర్చీల బల్ల నా కళ్లలో ఉంది. నా క్లబ్బును, పక్కన పడుకున్న స్నేహితుణ్ణి ఆ కుర్చీ కోసం అమ్మేశాను. తీరా అమ్మేశాక ఆ కుర్చీలో కూర్చోవడం నా వల్ల కాలేదు.

వాడు రైఫిలు బోల్టు వెనక్కి లాగాడు, నిండు తూటా బయటికొచ్చింది. పిడికిట్లో పట్టి జేబులో వేసుకున్నాడు. రైఫిళ్లలో తూటాలేమైనా మిగిలాయేమో చూసే ఆఫీసరు రైఫిలు చూశాడు, జేబు చూడలేదు. నీకు దొరికింది అదే.

కంచే చేను మేయకూడదని నీకు పాఠం చెప్పింది నేనే కదా.

గడియారాలాయన రైఫిలు కొనడానికి ఎవరో వచ్చి చూసి వెళ్లారు. నేను రోజూ ఆ మెట్లే దిగుతున్నాను. కింద ఆయన గడియారాల షాపు తలుపు తీసే ఉంటుంది.

మామయ్య

*

ఇల్లు, వరండా

మామయ్యగారికి,

మీ ఉత్తరం ఆయనకు చదివి వినిపించాను. "అవును, నేను కాల్చలేదు" అన్నారు.

"ఎందుకు చెప్పలేదు? మీరు అలాంటివారు కాదే" అన్నాను. నాకు ఏడుపు వచ్చింది. కప్పు చూసి నాలుగిళ్లలో గొప్పలు చెప్పుకున్నది నేను.

అప్పుడు చెప్పారు. మీరు నాకు చెప్పని సగం.

పదహారేళ్లప్పుడు ఆ చప్పట్లయ్యాక మీరిద్దరూ కారులో ఇంటికి వచ్చారట. మైదానం గేటు దాటేదాకా మీరు మాట్లాడలేదు. గేటు దాటాక, "పెద్ద నీతిమంతుడివి బయల్దేరావు. నోరు మూసుకుని పడుకోవడం చేతకాలేదా? చేతికొచ్చిన కప్పు నేలపాలు చేశావు" అన్నారట. ఆ పిల్లవాడు కారు వెనక సీట్లో రైఫిలు సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడట.

"అదీ సరే" అన్నారు ఈయన. "కోపంలో అన్నారనుకునేవాణ్ణి. మర్నాటి నుంచీ ఇంటికి ఎవరొచ్చినా ఆ కథే. మా వాడు చెయ్యెత్తాడు, అదీ నా పెంపకం అని. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని మరీ చెప్పేవారు. నేను తలూపాలి. ఏ మాట ఆయనదో నాకు తెలిసేది కాదు, క్లబ్బులో చెప్పేదా, కారులో అన్నదా."

మొన్న గెలవాలని కూడా కాదట మౌనంగా ఉన్నది. "టార్గెట్టు దానంతటది కిందికి పోగానే, వెనక ఆయనే ఉన్నారని గుర్తొచ్చింది. ఈసారి ఆయనే చెప్పాలి అనుకున్నాను. ‘నీది కాదురా’ అని ఒక్క మాట అంటే, అక్కడే లేచి ఆయన కాళ్లు పట్టుకునేవాణ్ణి. తిరిగి చూశాను. ఆయన ‘అయిదు’ అన్నారు. అప్పుడు తెలిసింది, కారులో అన్న మాటే ఆయన సొంత మాట."

నేనిది విని ఆయనను కూడా వదల్లేదు. మీ తండ్రీకొడుకులు పరీక్షలు పెట్టుకోండి, మధ్యలో ఆ గడియారాలాయన ఏం పాపం చేశాడు, ఆయన పరువు మీ లెక్కలో లేదా అని అడిగాను. లేచి వీధిలోకి వెళ్లిపోయారు. తండ్రికి తగ్గ కొడుకు.

మీ కోడలు

*

పై వాటా

అమ్మాయికి,

నిన్న సెలవు రోజు, క్లబ్బులో అందరూ ఉన్నారు. లేచి చెప్పేశాను. వాడు కాల్చలేదనీ, నేను చూశాననీ, చూసి అయిదు వేశాననీ. కెప్టెన్ ముఖం మాడిపోయింది. నన్ను ఇక కార్డు పట్టుకోనివ్వరు, అది న్యాయమే. మీ క్లబ్బుకు కబురు పంపారు. తర్వాత ఒకరిద్దరు పెద్దవాళ్లు వచ్చి నా భుజం తట్టారు. "ఈ వయసులో నలుగురిలో నిలబడి ఒప్పుకోవడం ఎంతమందికి చేతనవుతుంది" అన్నారు. ఆ మాట ఎందుకు రాశానో నాకే తెలియదు. రాశాక కొట్టెయ్యబుద్ధి కాలేదు.

అక్కడినుంచి గడియారాలాయన దగ్గరికి వెళ్లాను. కంటికి తగిలించుకున్న అద్దం తీయకుండానే విన్నాడు. చేతిలో చిన్న స్క్రూ ఏదో ఉంది, దాన్ని బిగించడం పూర్తి చేశాడు. "ఇన్నాళ్లూ రోజూ ఈ మెట్ల మీద నాకు ఎదురొచ్చావు" అన్నాడు. అంతే. ఇల్లు ఖాళీ చేయమనలేదు. అన్నా బాగుండేది. రైఫిలు అప్పటికే అమ్మేశాడు.

ఇక కారులో మాట. అమ్మాయీ, నేను ఒట్టేసి చెబుతున్నాను, నాకు గుర్తు లేదు. ఆ రోజు గాలి ఎటు వీచిందో గుర్తుంది. వాడు వేసుకున్న చొక్కా గుర్తుంది. చప్పట్లు గుర్తున్నాయి. ఆ మాట మాత్రం ఎంత వెతికినా దొరకడం లేదు. వాడు అబద్ధమాడడు, కాబట్టి నేను అనే ఉంటాను. గుర్తుండి ఉంటే కనీసం ఏ కోపంలో అన్నానో చెప్పుకునేవాణ్ణి.

ఇందులో వేరే కవరు పెట్టాను, వాడికి. ఇదే సంగతి, క్షమించమని, నా చేతనైనట్టు రాశాను. వాడికి నేను ఉత్తరం రాయడం ఇదే మొదటిసారి. వాడి చేతికి ఇవ్వు. చదివి వినిపించకు, వాడే చదువుకోవాలి.

మామయ్య

*

ఇల్లు, వంటగది

మామయ్యగారికి,

కప్పు వెళ్లిపోయింది. మీ అబ్బాయే తీసుకెళ్లి క్లబ్బు బల్ల మీద పెట్టి వచ్చారు. ఆ తూటా కూడా ఇచ్చేశారు. ఈ సీజనంతా మైదానంలో అడుగుపెట్టవద్దన్నారట, సరేనన్నారట. వీపు చరిచినవాళ్లలో ఒక్కరు కూడా గేటుదాకా తోడు రాలేదు. మీ గడియారాలాయనకు ఉత్తరం రాయడానికి రెండుసార్లు కూర్చున్నారు. రెండుసార్లూ కాగితం ఖాళీగానే మడిచి పెట్టేశారు. మూడోసారి కూర్చోబెట్టే పూచీ నాది.

మీ కవరు భోజనాల దగ్గర ఇచ్చాను. పైన తన పేరు, మీ చేతిరాత. చాలాసేపు చూశారు. తిప్పి, అంటించినచోట వేలు పెట్టారు. చింపుతారనుకున్నాను. నా ముందుకు జరిపి, చెయ్యి కాస్త పైకెత్తి, "నాది కాదు" అన్నారు.

కోపంగా అనలేదు. మీరు నాకు రాశారే, మైదానంలో ఎలా అనాలో, అలాగే అన్నారు.

"మీ పేరే ఉంది కదండీ" అన్నాను.

"నా పేరే ఉంది. కానీ నాకోసం రాసింది కాదు. నలుగురిలో నిలబడి ఒప్పుకున్నానని, కొడుక్కి క్షమాపణ రాశానని ఇకనుంచి కొత్త కథ చెప్పుకుంటారు. పాత కథకు పక్కన కూర్చుని తలూపాను. దీనికి ఊపలేను" అన్నారు.

మీ ఉత్తరంలో ఆ భుజం తట్టిన మాట నేను ఆయనకు చూపించలేదు. చూపించకుండానే కనిపెట్టారు.

కవరు చింపకుండా ఇందులోనే పెట్టి తిప్పి పంపుతున్నాను. ఇకమీదట మీ ఇద్దరి మధ్య మాటలు నేను మోయను. కంటి చుక్కల సీసా అయిపోయి ఉంటుంది, వేరే పార్సిల్లో పంపాను, రాత్రిపూట వేసుకోండి.

మీ కోడలు